ఆస్ట్రేలియాలో పీఆర్ వచ్చింది.. మరి పిల్లల యూనివర్సిటీ ఫీజు ఎంత? ఎప్పుడు కట్టాలి?

ఆస్ట్రేలియాలో శాశ్వత నివాస వీసా, అంటే మనవాళ్లు పీఆర్ అని పిలుచుకునే పర్మనెంట్ రెసిడెన్సీ చేతికొచ్చిన రోజున చాలా ఇళ్లలో ముందుగా తీరే బెంగ పిల్లల చదువుదే. విదేశీ విద్యార్థులకు వేసే ఫీజు ఇక ఉండదు, స్థానికుల ఫీజే వర్తిస్తుంది. ఇది నిజమే. దాంతోపాటే ‘హెక్స్ ఉంటుంది కదా, పిల్లాడికి ఉద్యోగం వచ్చాక తీర్చుకుంటాడు’ అనే ధీమా కూడా ఉంటుంది. ఈ రెండో మాట పీఆర్ ఉన్నవారిలో చాలామందికి వర్తించదు.

స్థానికుల ఫీజు పీఆర్‌తో వస్తుంది. ఆ ఫీజు కోసం ప్రభుత్వం ఇచ్చే అప్పు మాత్రం పౌరసత్వంతో వస్తుంది. ఈ రెండింటి మధ్య కాలంలో మీ అబ్బాయో అమ్మాయో యూనివర్సిటీలో చేరితే ప్రతి సెమిస్టర్ ఫీజునూ గడువులోగా మీరే కట్టాలి. కట్టకపోతే ఆ సెమిస్టర్ ఎన్‌రోల్‌మెంట్ రద్దవుతుంది. అందుకే పిల్లలు తొమ్మిదో, పదో తరగతిలో ఉండగానే ఈ లెక్క వేసుకోవడం మంచిది. ఎలాగో వివరంగా చూద్దాం.

ముందుగా మీ వీసా ఏదో చూసుకోండి

‘పీఆర్ వీసా’ అని మాటల్లో అనేవన్నీ చట్టం దృష్టిలో పీఆర్ కావు. ఫీజు విషయంలో ఈ తేడానే కీలకం.

• నైపుణ్యాల ఆధారంగా ఇచ్చే 189, 190 వీసాలు, కంపెనీ స్పాన్సర్ చేసే 186 వీసా శాశ్వత వీసాలు. ఇవి ఉంటే యూనివర్సిటీలో స్థానిక విద్యార్థి కిందే లెక్క.

• 491, 494 వీసాలు ప్రాంతీయ తాత్కాలిక వీసాలు. అయిదేళ్ల గడువుతో వస్తాయి. మూడేళ్ల తర్వాత షరతులు నెరవేరితే 191 అనే శాశ్వత వీసాకు దరఖాస్తు చేసుకోవచ్చు. ఆ 191 వచ్చేదాకా యూనివర్సిటీలో అంతర్జాతీయ విద్యార్థి ఫీజే ఉంటుంది.

• 482 వర్క్ వీసా, చదువయ్యాక ఇచ్చే 485 వీసా, బ్రిడ్జింగ్ వీసాలు అన్నీ తాత్కాలికమే. పీఆర్‌కు దరఖాస్తు చేశాం, త్వరలో వస్తుంది అంటే సరిపోదు. వీసా మంజూరై ఉండాలి.

ఇంకో సంగతి. యూనివర్సిటీ చూసేది చదివే విద్యార్థి వీసాను. తల్లిదండ్రుల వీసాను కాదు. మీకు పీఆర్ ఉండి, ఏ కారణంగానైనా పిల్లల వీసా ఇంకా పెండింగులో ఉంటే వారికి స్థానిక ఫీజు రాదు. ఆస్ట్రేలియా హోం వ్యవహారాల శాఖకు ‘వీవో’ అనే ఉచిత ఆన్‌లైన్ సేవ ఉంది. అందులో పాస్‌పోర్ట్ వివరాలు ఇస్తే ఎవరి వీసా స్థితి ఏమిటో తెలుస్తుంది. అడ్మిషన్ సమయంలో యూనివర్సిటీకి ఆ వివరాలే చూపించాలి.

స్థానిక ఫీజు అంటే ఏమిటి?

ఆస్ట్రేలియా ప్రభుత్వ యూనివర్సిటీల్లో డిగ్రీ చదివే స్థానిక విద్యార్థులకు ఇచ్చే సీటును కామన్వెల్త్ సపోర్టెడ్ ప్లేస్ అంటారు. క్లుప్తంగా సీఎస్‌పీ. ఫీజులో కొంత భాగాన్ని కేంద్ర ప్రభుత్వం నేరుగా యూనివర్సిటీకి చెల్లిస్తుంది. మిగతాది విద్యార్థి వాటా. ఈ వాటా గరిష్ఠంగా ఎంత ఉండాలో ప్రభుత్వమే నిర్ణయిస్తుంది.

2003 నాటి ఉన్నత విద్యా సహాయ చట్టం ప్రకారం ఈ సీటుకు ఆస్ట్రేలియా పౌరులు, న్యూజిలాండ్ పౌరులు, శాశ్వత వీసా ఉన్నవారు అర్హులు. పీఆర్ వచ్చాక ఇన్నేళ్లు ఆగాలన్న నిబంధనేమీ లేదు. ఈ నెల పీఆర్ వస్తే వచ్చే సెమిస్టర్ నుంచే సీఎస్‌పీ సీటు పొందొచ్చు. ప్రైవేటు కాలేజీల్లో మాత్రం చాలావరకు ఈ సీట్లు ఉండవు. చేరేముందు అడిగి తెలుసుకోవాలి.

ఎంత కట్టాలి?

విద్యార్థి వాటాను సబ్జెక్టులను బట్టి నాలుగు శ్రేణులుగా విభజించారు. ఇప్పుడున్న విధానం 2021లో ‘జాబ్ రెడీ గ్రాడ్యుయేట్స్’ సంస్కరణలతో వచ్చింది. 2025 సంవత్సరానికి, ఏడాది పూర్తికాల చదువుకు గరిష్ఠ మొత్తాలు ఇవి. ఇవన్నీ ఆస్ట్రేలియా డాలర్లు.

• టీచింగ్, నర్సింగ్, గణితం, స్టాటిస్టిక్స్, వ్యవసాయం, భాషలు: 4,627 డాలర్లు

• ఇంజనీరింగ్, కంప్యూటింగ్, సైన్స్, ఆర్కిటెక్చర్, ఫిజియోథెరపీ వంటి అనుబంధ వైద్య కోర్సులు: 9,314 డాలర్లు

• వైద్యం, దంత వైద్యం, పశు వైద్యం: 13,241 డాలర్లు

• లా, అకౌంటింగ్, కామర్స్, ఎకనామిక్స్, మేనేజ్‌మెంట్, కమ్యూనికేషన్స్: 16,992 డాలర్లు

డాలరును 55 రూపాయలుగా లెక్కేసుకుంటే కంప్యూటింగ్ చదువుకు ఏడాదికి 5 లక్షల 12 వేల రూపాయలు, కామర్స్‌కు 9 లక్షల 34 వేల రూపాయలకు పైగా అవుతుంది. ధరల సూచీని బట్టి ఈ మొత్తాలు ఏటా జనవరిలో పెరుగుతాయి. కాబట్టి మీ పిల్లలు చేరే ఏడాది అంకెలను యూనివర్సిటీ వెబ్‌సైట్లో సరిచూసుకోండి.

పీఆర్ లేకపోతే ఎంతయ్యేది? సిడ్నీ, మెల్‌బోర్న్‌లలోని పెద్ద యూనివర్సిటీల్లో ఇంజనీరింగ్, ఐటీ కోర్సులకు అంతర్జాతీయ విద్యార్థి ఫీజు ఏడాదికి 40 వేల డాలర్లు దాటుతుంది. దాంతో పోలిస్తే పీఆర్ వల్ల మిగిలేది చాలా ఎక్కువే.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. ఫీజు పడేది డిగ్రీ పేరును బట్టి కాదు, తీసుకునే యూనిట్లను బట్టి. సాధారణంగా ఏడాదికి ఎనిమిది యూనిట్లు ఉంటాయి. 2025 లెక్కన ఒక్కో కంప్యూటింగ్ యూనిట్‌కు సుమారు 1,164 డాలర్లు, అకౌంటింగ్ యూనిట్‌కు 2,124 డాలర్లు, గణితం యూనిట్‌కు 578 డాలర్లు. కామర్స్ విద్యార్థి స్టాటిస్టిక్స్ యూనిట్ తీసుకుంటే దానికి గణితం రేటే పడుతుంది. ఎలెక్టివ్‌లు ఎంచుకునేటప్పుడు ఇది పనికొస్తుంది.

ట్యూషన్ ఫీజు కాక విద్యార్థి సేవలు, సౌకర్యాల రుసుము ఒకటి ఉంటుంది. 2025లో దీని గరిష్ఠ పరిమితి 365 డాలర్లు.

మరి హెక్స్ ఎందుకు రాదు?

స్థానిక విద్యార్థులు తమ వాటాను అప్పటికప్పుడు కట్టలేకపోతే ప్రభుత్వమే వారి తరఫున యూనివర్సిటీకి కట్టేస్తుంది. ఆ మొత్తం విద్యార్థి పేరిట అప్పుగా నమోదవుతుంది. దీన్నే హెక్స్-హెల్ప్ అంటారు. దీనికి వడ్డీ ఉండదు. ధరల పెరుగుదలను బట్టి ఏటా జూన్ 1న అప్పు మొత్తాన్ని సవరిస్తారు. ఉద్యోగంలో చేరాక ఆదాయం ఒక స్థాయి దాటితేనే పన్నుతోపాటు తిరిగి వసూలు చేస్తారు. 2025-26 ఆర్థిక సంవత్సరానికి ఆ స్థాయి 67,000 డాలర్లు. ఆదాయం అంతకు తక్కువుంటే తప్పనిసరిగా కట్టాల్సింది ఏమీ లేదు.

ఇంత వెసులుబాటు ఉన్న ఈ అప్పుకు అర్హులు ప్రధానంగా ఆస్ట్రేలియా పౌరులు, శరణార్థులకిచ్చే శాశ్వత మానవతా వీసా ఉన్నవారు. న్యూజిలాండ్ పౌరుల్లో చిన్నతనంలోనే ఆస్ట్రేలియా వచ్చి, దీర్ఘకాలం ఉన్నవారికి కూడా కొన్ని షరతులతో దొరుకుతుంది. నైపుణ్యాల వీసా మీద, కుటుంబ వీసా మీద పీఆర్ పొందినవారు ఈ జాబితాలో లేరు. మన తెలుగు కుటుంబాల్లో అత్యధికులు వచ్చేది ఈ దారుల్లోనే.

హెక్స్ ఒక్కటే కాదు. సేవల రుసుముకు ఇచ్చే అప్పు, వృత్తి విద్యా డిప్లొమాలకు ఇచ్చే అప్పు కూడా మామూలు పీఆర్ ఉన్నవారికి రావు.

దీని ప్రభావం 2025లో స్పష్టంగా కనిపించింది. విద్యార్థుల అప్పులను 20 శాతం తగ్గిస్తూ ఆస్ట్రేలియా పార్లమెంటు ఆ ఏడాది చట్టం చేసింది. 2025 జూన్ 1 నాటికి ఉన్న అప్పుకు ఆ తగ్గింపు వర్తించింది. పీఆర్ మీద ఉండి, అప్పు దొరక్క ఎప్పటికప్పుడు ఫీజు కట్టేసిన కుటుంబాలకు తగ్గించడానికి అప్పే లేదు. కాబట్టి వారికి అందింది కూడా ఏమీ లేదు.

‘సెన్సస్ డేట్’ను క్యాలెండర్‌లో రాసుకోండి

మీ ఇంట్లో పీఆర్ మీద చదివే విద్యార్థి ఉంటే గుర్తుపెట్టుకోవాల్సిన తేదీ ఇదే. ప్రతి యూనిట్‌కూ ఒక సెన్సస్ డేట్ ఉంటుంది. చాలా యూనివర్సిటీల్లో మొదటి సెమిస్టర్‌కు మార్చి చివర్లో, రెండో సెమిస్టర్‌కు ఆగస్టు చివర్లో వస్తుంది. ఫీజుల గడువు యూనివర్సిటీని బట్టి ఇంకాస్త ముందే ఉండొచ్చు.

ఆ తేదీకి మూడు విషయాలు తేలిపోతాయి.

ఒకటి, పీఆర్ విద్యార్థి ఆ సెమిస్టర్ వాటా మొత్తం అప్పటికి కట్టి ఉండాలి. లేకపోతే ఎన్‌రోల్‌మెంట్ రద్దు.

రెండు, కోర్సు నచ్చక మానేయాలనుకుంటే ఆ తేదీలోగా యూనిట్ నుంచి తప్పుకోవాలి. అప్పుడు కట్టిన డబ్బు వెనక్కి వస్తుంది. ఆ తర్వాత మానేస్తే ఫీజు పోయినట్టే. తీవ్ర అనారోగ్యం వంటి ప్రత్యేక పరిస్థితులుంటే దరఖాస్తు చేసుకోవచ్చు.

మూడు, మీ వీసా లేదా పౌరసత్వం మారితే ఆ మార్పు ఈ సెమిస్టర్‌కు వర్తిస్తుందా, వచ్చే సెమిస్టర్‌కా అన్నది ఈ తేదీని బట్టే ఉంటుంది.

చదువు మధ్యలో పీఆర్ వస్తే?

స్టూడెంట్ వీసా మీద గానీ, 491 మీద గానీ చదువుతుండగా పీఆర్ వచ్చిందనుకోండి. సెన్సస్ డేట్‌లోగా వచ్చి, ఆ రుజువును యూనివర్సిటీకి అందిస్తే ఆ సెమిస్టర్ నుంచే స్థానిక విద్యార్థి అవుతారు. తేదీ దాటాక వస్తే ఆ సెమిస్టర్‌కు పాత ఫీజే. అప్పటిదాకా కట్టిన అంతర్జాతీయ ఫీజు వెనక్కి రాదు.

వీసా మంజూరైన ఈమెయిల్ రాగానే యూనివర్సిటీ స్టూడెంట్ సర్వీసెస్‌కు పంపించండి. సమాచారం వాళ్లకు దానంతటదే వెళ్లిపోతుందనుకోవద్దు. కొన్నిచోట్ల సీఎస్‌పీ సీటు కోసం విడిగా ఫారం నింపాల్సి ఉంటుంది.

మాస్టర్స్, పీహెచ్‌డీ సంగతేంటి?

మాస్టర్స్ దగ్గర లెక్క మారుతుంది. డిగ్రీలో మాదిరిగా అక్కడ స్థానికులందరికీ సీఎస్‌పీ సీట్లు ఉండవు. టీచింగ్, నర్సింగ్ వంటి కొన్ని కోర్సుల్లో కొన్ని సీట్లు ఉంటాయి. మిగతావి పూర్తి ఫీజు సీట్లే. పౌరులైతే ఈ ఫీజుకు ఫీ-హెల్ప్ అనే అప్పు తీసుకుంటారు. పీఆర్ ఉన్నవారికి అది కూడా రాదు. ఎంబీఏ లాంటి కోర్సు చేయాలనుకునే పీఆర్ ఉద్యోగులు పూర్తి ఫీజు చేతినుంచి కట్టుకోవాలి.

దీనికి ఒక మినహాయింపు ఉంది. భారత్ వంటి దేశాల్లో వృత్తి విద్య చదివి, ఆస్ట్రేలియాలో అదే వృత్తి చేయడానికి గుర్తింపు కోసం అదనపు చదువు చదవాల్సి వచ్చినవారికి, అంటే బ్రిడ్జింగ్ కోర్సు చేసేవారికి పీఆర్ మీద కూడా ఫీ-హెల్ప్ దొరుకుతుంది. మీ వృత్తికి సంబంధించిన మదింపు సంస్థ ఏయే సబ్జెక్టులు చదవాలో రాసి ఇచ్చిన పత్రం ఉండాలి.

పరిశోధన విద్యార్థులకు కొంత ఊరట ఉంది. పీహెచ్‌డీ, పరిశోధనాత్మక మాస్టర్స్ చేసే స్థానిక విద్యార్థులకు రీసెర్చ్ ట్రైనింగ్ ప్రోగ్రామ్ కింద ప్రభుత్వమే ఫీజు భరించే ఏర్పాటు ఉంది. పీఆర్ ఉన్నవారు కూడా దీనికి పోటీపడొచ్చు.

పౌరసత్వం ఎప్పుడు వస్తుంది? పిల్లల వయసుతో పోల్చి చూడండి

ఆస్ట్రేలియా పౌరసత్వానికి దరఖాస్తు చేయాలంటే అంతకుముందు నాలుగేళ్లు చెల్లుబాటయ్యే వీసాతో ఆ దేశంలో ఉండాలి. అందులో చివరి 12 నెలలు పీఆర్ మీద ఉండాలి. నాలుగేళ్లలో మొత్తం 12 నెలలకు మించి, చివరి ఏడాదిలో 90 రోజులకు మించి దేశం బయట ఉండకూడదు. పెళ్లిళ్లనీ, పండగలనీ ఊరికొచ్చి ఎక్కువ రోజులు ఉండిపోయేవాళ్లు ఈ రోజుల లెక్క చూసుకోవాలి.

ఈ నిబంధన వల్ల రెండు కుటుంబాల పరిస్థితి ఎంత తేడాగా ఉంటుందో చూడండి.

మొదటి కుటుంబం 2023 జనవరిలో 190 వీసాతో హైదరాబాద్ నుంచి నేరుగా అడిలైడ్ వెళ్లిందనుకుందాం. అప్పటికి అబ్బాయికి 15 ఏళ్లు. 2025లో పన్నెండో తరగతి అయిపోయి, 2026 ఫిబ్రవరిలో కంప్యూటింగ్ డిగ్రీలో చేరతాడు. నాలుగేళ్లు నిండేది 2027 జనవరికి. ఆ తర్వాత దరఖాస్తు, పరీక్ష, ఆమోదం, ప్రమాణ స్వీకారం. అంటే కనీసం మూడు, బహుశా నాలుగు సెమిస్టర్ల ఫీజు చేతినుంచి కట్టాలి. 2025 రేటు ప్రకారమే చూసినా సెమిస్టర్‌కు 4,657 డాలర్లు. మూడైతే 13,971, నాలుగైతే 18,628 డాలర్లు.

రెండో కుటుంబం 2021లో 482 వీసాతో వెళ్లింది. 2024లో పీఆర్ వచ్చింది. వర్క్ వీసా మీద ఉన్న ఏళ్లు కూడా లెక్కలోకి వస్తాయి కాబట్టి 2025లోనే పౌరసత్వానికి దరఖాస్తు చేయొచ్చు. అప్పటికి అమ్మాయికి 15 ఏళ్లు ఉంటే ఆమె యూనివర్సిటీలో చేరేసరికి పౌరురాలై ఉండే అవకాశం ఎక్కువ. మొదటి సెమిస్టర్ నుంచే హెక్స్ తీసుకోవచ్చు.

ఇక్కడ 16 ఏళ్ల వయసు ముఖ్యం. దరఖాస్తు చేసే నాటికి 15 ఏళ్లు, అంతకు తక్కువ ఉన్న పిల్లలను తల్లి లేదా తండ్రి దరఖాస్తులోనే చేర్చొచ్చు. దానికి అదనపు రుసుము లేదు. 16 నిండితే విడిగా దరఖాస్తు చేయాలి. నివాస కాలం షరతు కూడా సాధారణంగా వారే విడిగా నెరవేర్చాలి. అర్హత వచ్చాక ‘తర్వాత చూద్దాంలే’ అని ఏడాది వాయిదా వేస్తే పిల్లలు ఈ వయసు దాటిపోవచ్చు.

దరఖాస్తు ఆమోదం పొందిందన్న లేఖ వచ్చినంత మాత్రాన పౌరులైపోరు. స్థానిక కౌన్సిళ్లు నిర్వహించే కార్యక్రమంలో ప్రమాణం చేసిన రోజునే పౌరసత్వం వస్తుంది. ఆ కార్యక్రమం కోసం కొన్నిసార్లు నెలలు ఆగాల్సి వస్తుంది. సెన్సస్ డేట్‌లోగా ప్రమాణం పూర్తయితే, అదే గడువులోగా టాక్స్ ఫైల్ నంబర్‌తో హెక్స్ ఫారం నింపి ఇస్తే ఆ సెమిస్టర్ నుంచే అప్పు వస్తుంది. అంతకుముందు కట్టిన సెమిస్టర్లను వెనక్కి వెళ్లి అప్పుగా మార్చుకునే వీలు లేదు.

భారత పౌరసత్వం పోతుంది.. ఆ లెక్కా చూడాలి

ఫీజు కోసమే పౌరసత్వం తీసేసుకుంటే సరిపోతుంది కదా అనిపించొచ్చు. కానీ భారత్ ద్వంద్వ పౌరసత్వాన్ని అనుమతించదు. 1955 పౌరసత్వ చట్టంలోని 9వ సెక్షన్ ప్రకారం స్వచ్ఛందంగా మరో దేశ పౌరసత్వం తీసుకుంటే భారత పౌరసత్వం రద్దవుతుంది. భారత పాస్‌పోర్టును సరెండర్ చేయాలి. ఆ తర్వాత ఓసీఐ కార్డుకు దరఖాస్తు చేసుకోవచ్చు.

ఓసీఐ కార్డుతో వీసా లేకుండా రాకపోకలు సాగించొచ్చు. ఓటు హక్కు ఉండదు. వ్యవసాయ భూమి, తోటలు, ఫామ్‌హౌస్ కొనలేరు. వారసత్వంగా వచ్చేదానికి ఇబ్బంది లేదు.

పిల్లల చదువుకు సంబంధించి మరో అంశం ఉంది. 2021 మార్చి 4న కేంద్ర ప్రభుత్వం ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం నీట్, జేఈఈ వంటి పరీక్షల ద్వారా జరిగే ప్రవేశాల్లో ఓసీఐ కార్డుదారులు ఎన్నారై సీట్లకు, సూపర్ న్యూమరరీ సీట్లకే అర్హులు. భారతీయులకు మాత్రమే కేటాయించిన సీట్లకు పోటీపడలేరు. ఆ తేదీకి ముందే ఓసీఐ కార్డు పొందినవారికి ఈ పరిమితి వర్తించదని 2023లో సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. ఇప్పుడు కొత్తగా తీసుకునేవారికి మాత్రం వర్తిస్తుంది. మీ పిల్లలను ఇంటర్ తర్వాత ఇండియాలో ఎంబీబీఎస్ చదివించే ఆలోచన ఏమాత్రం ఉన్నా, ఆస్ట్రేలియా పౌరసత్వానికి ముందే దీని గురించి ఇంట్లో మాట్లాడుకోండి.

ఇండియాలో ఉండి ఆన్‌లైన్‌లో చదివితే?

పీఆర్ ఉంది కాబట్టి స్థానిక ఫీజు కట్టి, హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉంటూ ఆన్‌లైన్‌లో డిగ్రీ చేయొచ్చా? కుదరదు. పీఆర్ మీద సీఎస్‌పీ పొందినవారు ఆ యూనిట్ జరిగినంత కాలం ఆస్ట్రేలియాలో నివసిస్తూ ఉండాలి. కోర్సులో భాగంగా తప్పనిసరిగా విదేశానికి వెళ్లాల్సి వస్తే అది వేరు.

ఇంకేదైనా సాయం దొరుకుతుందా?

విద్యార్థులకు ప్రభుత్వం ఇచ్చే యూత్ అలవెన్స్ వంటి భృతికి కొత్తగా స్థిరపడినవారు సాధారణంగా నాలుగేళ్లు ఆగాలి. 2019 జనవరి 1 నుంచి ఈ నిబంధన అమల్లో ఉంది. కాబట్టి కొత్తగా వెళ్లిన కుటుంబాలు దీనిమీద ఆశ పెట్టుకోలేవు.

ఉపయోగపడే మార్గాలు ఇవి:

• పార్ట్‌టైమ్ చదువు: ఫీజు యూనిట్ల లెక్కన కాబట్టి సెమిస్టర్‌కు నాలుగు బదులు రెండు యూనిట్లు తీసుకుంటే కట్టాల్సింది సగమవుతుంది. పౌరసత్వం ఏడాదిలో వస్తుందనుకునేవారు మిగతా యూనిట్లను హెక్స్ వచ్చాక పూర్తి చేసుకోవచ్చు. చదువు ఆలస్యమవుతుందన్నది గుర్తుంచుకోవాలి.

• టేఫ్ కాలేజీలు: ప్రభుత్వ వృత్తి విద్యా కాలేజీల్లో కొన్ని కోర్సులు చాలా రాష్ట్రాల్లో ఉచితం, లేదా రాయితీ మీద ఉంటాయి. సాధారణంగా పీఆర్ ఉన్నవారు వాటికి అర్హులే. టేఫ్ డిప్లొమా చేశాక డిగ్రీలో కొన్ని యూనిట్ల మినహాయింపు దొరకొచ్చు. ఏ యూనివర్సిటీ ఎంత మినహాయిస్తుందో ముందే రాతపూర్వకంగా తీసుకోండి.

• స్కాలర్‌షిప్‌లు: యూనివర్సిటీలు ‘డొమెస్టిక్’ విద్యార్థులకు ఇచ్చే స్కాలర్‌షిప్‌లలో చాలావాటికి పీఆర్ ఉన్నవారు కూడా దరఖాస్తు చేసుకోవచ్చు. ఒక్కోదాని షరతులు ఒక్కోలా ఉంటాయి.

అన్ని దేశాల్లోనూ ఇంతేనా?

కాదు. బంధువులు చెప్పే మాటల్లో గందరగోళం వచ్చేది ఇక్కడే. అమెరికాలో ఉన్న బాబాయి చెప్పిన రూలు ఆస్ట్రేలియాలో పనికిరాదు.

అమెరికాలో గ్రీన్‌కార్డు ఉన్న విద్యార్థి ఫాఫ్సా దరఖాస్తు ద్వారా ఫెడరల్ గ్రాంట్లకు, అప్పులకు అర్హత పొందొచ్చు. రాష్ట్ర యూనివర్సిటీల్లో తక్కువ ఫీజు రావాలంటే మాత్రం ఆ రాష్ట్రంలో నివాసం చూపించాలి. చాలాచోట్ల ఇది 12 నెలలు. కెనడాలో పీఆర్ ఉన్నవారికి స్థానిక ఫీజుతోపాటు ప్రభుత్వ విద్యా రుణాలూ దొరుకుతాయి. ఇంగ్లండ్‌లో శాశ్వత నివాస హక్కు ఉన్నా, కోర్సు మొదలయ్యే ముందు మూడేళ్లు బ్రిటన్‌లో నివసించి ఉండాలి. అప్పుడే స్థానిక ఫీజు, రుణం వస్తాయి. న్యూజిలాండ్‌లో రెసిడెంట్ వీసాతో స్థానిక ఫీజు వస్తుంది, రుణానికి సాధారణంగా మూడేళ్లు ఆగాలి.

ఫీజును, అప్పును ఇలా విడదీసి, మామూలు పీఆర్ ఉన్నవారికి పౌరసత్వం వచ్చేదాకా అప్పు ఇవ్వకపోవడం ఆస్ట్రేలియా విధానంలోని ప్రత్యేకత.

ఇప్పుడు మీరు చేయాల్సినవి

1. ‘వీవో’లో ఇంట్లో అందరి వీసాలూ సరిచూసుకోండి. ముఖ్యంగా పిల్లలవి.

2. మీరు ఆస్ట్రేలియాలో అడుగుపెట్టిన తేదీ, పీఆర్ వచ్చిన తేదీ, బయట గడిపిన రోజులు ఒకచోట రాసుకోండి. పౌరసత్వానికి అర్హత ఏ నెలలో వస్తుందో తెలుస్తుంది.

3. పిల్లలకు 16 ఏళ్లు ఎప్పుడు నిండుతాయో, పన్నెండో తరగతి ఎప్పుడు పూర్తవుతుందో దాని పక్కనే రాయండి. మధ్యలో ఎన్ని సెమిస్టర్లు పడతాయో అన్ని ఫీజులు మీరు సమకూర్చుకోవాల్సినవే.

4. ఎంచుకునే కోర్సు ఏ శ్రేణిలో ఉందో చూసి, సెమిస్టర్‌కు ఎంతో లెక్కేయండి. ఆ మొత్తం కనీసం రెండు సెమిస్టర్లకు ముందే పక్కన పెట్టుకుంటే గడువు వేళ వడ్డీకి తెచ్చే అవసరం రాదు.

5. యూనివర్సిటీలో చేరగానే ప్రతి యూనిట్ సెన్సస్ డేట్‌ను ఫోన్‌లో రిమైండర్‌గా పెట్టుకోండి. పిల్లల ఫోన్‌లోనే కాదు, మీ ఫోన్‌లో కూడా.

6. పౌరసత్వ ప్రమాణం చేసిన వెంటనే ఆ ధ్రువపత్రం కాపీని యూనివర్సిటీకి ఇచ్చి, హెక్స్ ఫారం అడగండి. అడగకుండా అది రాదు.